టీకా లెక్కల్లో వాడ ఎక్కడ?

పసిపిల్లల టీకాల విషయంలో మన దేశానికి ఒక మంచి వార్త ఉంది. ముందు దాన్నే చెప్పుకుందాం. 1992-93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు, ఏడాది నిండి రెండేళ్లలోపు వయసున్న పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడ్డవాళ్లు నూటికి 35 మంది. 2019-21 నాటి అయిదో సర్వేలో ఆ సంఖ్య 76.4 శాతం. ముప్పై ఏళ్లలోపే రెట్టింపు దాటింది. ఒకప్పుడు తట్టు, ధనుర్వాతం, కోరింత దగ్గు ఎత్తుకుపోయే వయసు పిల్లలు ఇవాళ బళ్లో కూర్చుని చదువుకుంటున్నారంటే, దాని వెనక ఈ మార్పు ఉంది.

అయితే పాలకులు ఈ సంఖ్యను చదివే తీరు వేరు. పెరిగిన శాతాన్ని తమ ఖాతాలో వేసుకుంటారు. మిగిలిపోయిన పిల్లల్ని మాత్రం తల్లిదండ్రుల ఖాతాలో వేస్తారు. అవగాహన లేదంటారు, మూఢనమ్మకాలంటారు, వలస పోయారంటారు. ఆ మిగిలినవాళ్లు ఏ వాడలో, ఏ గూడెంలో, ఏ బస్తీలో ఉన్నారని అడిగితే జవాబు ఉండదు. మా వాదన సూటిగా ఇది: ఈ ముప్పై ఏళ్ల లెక్కను వరసగా చదివితే, రాజ్యం గడపదాకా నడిచి వచ్చిన కాలంలో టీకాలు పెరిగాయి, ఊరి మధ్యలో ఆగిపోయిన కాలంలో ఆగిపోయాయి. చివరి బిడ్డదాకా వెళ్లాలంటే ముందు ఆ బిడ్డను కులంతో సహా లెక్కపెట్టాలి.

అయిదు సర్వేలు చెప్పేది

సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. 1990 నాటికి పసిపిల్లల్లో 85 శాతానికి టీకాలు వేయాలన్నది లక్ష్యం. లక్ష్యం దగ్గరికి వచ్చేశామన్నట్టే అప్పటి శాఖాపరమైన నివేదికలు చెప్పాయి. రెండేళ్లకే సర్వేవాళ్లు ఇంటింటికీ వెళ్లి తల్లుల్ని అడిగితే, కార్డులు చూస్తే, తేలింది 35 శాతం. రిజిస్టర్‌లో ఉన్న టీకాకూ బిడ్డ చేతికి పడిన టీకాకూ మధ్య ఎంత దూరం ఉండగలదో అప్పుడే తెలిసింది. ప్రజారోగ్యం చదివే విద్యార్థులు మొదట నేర్చుకోవాల్సిన పాఠం కూడా ఇదే. వేసిన డోసుల లెక్క వేరు, టీకా అందిన పిల్లల లెక్క వేరు.

‘పూర్తి టీకాలు’ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఇన్నేళ్లుగా పోల్చుకోవడానికి వాడుతున్న కొలత పాతది: బీసీజీ ఒకటి, డీపీటీ మూడు, పోలియో చుక్కలు మూడు, తట్టు టీకా ఒకటి. మొత్తం ఎనిమిది డోసులు. తర్వాత చేరిన రోటావైరస్, న్యుమోకోకల్ టీకాలు గానీ తట్టు రెండో డోసు గానీ ఇందులో లేవు. ఈ సంగతికి మళ్లీ వస్తాం.

1998-99 నాటి రెండో సర్వేలో ఈ కొలత 42 శాతానికి చేరింది. 2005-06 నాటి మూడో సర్వేలో 43.5 శాతం. అంటే ఏడేళ్లలో ఒకటిన్నర పాయింటు పెరుగుదల. ఇది ఆర్థిక వృద్ధి గురించి దేశం గొప్పలు చెప్పుకుంటున్న కాలం. అదే కాలంలో కొన్ని రాష్ట్రాల్లో శాతం పడిపోయింది కూడా. మహారాష్ట్ర, పంజాబ్, తమిళనాడుతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జాబితాలో ఉంది. మన దగ్గర 59 శాతం నుంచి 46 శాతానికి దిగింది. హైదరాబాద్ ఐటీ పటంలోకి ఎక్కిన ఏళ్లలోనే తెలుగు పల్లెల్లో పూర్తి టీకాలు పడిన పిల్లల వాటా తగ్గింది. రాష్ట్రం ఎదిగితే పిల్లల ఆరోగ్యం దానంతటదే ఎదుగుతుందన్న వాదనకు మన సొంత అనుభవమే ఎదురు సాక్ష్యం.

పక్కనున్న బంగ్లాదేశ్‌ను చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తలసరి ఆదాయంలో అప్పట్లో మనకంటే వెనకబడిన దేశం అది. 2007 నాటి వాళ్ల సర్వేలో పూర్తి టీకాలు పడ్డ పిల్లలు 82 శాతం. మనది 43.5 దగ్గర ఉంది. జాన్ డ్రెజ్, అమర్త్య సేన్ 2013లో తమ పుస్తకంలో ఈ పోలికను గట్టిగా ముందుకు తెచ్చారు. పేదరికమే కారణమైతే బంగ్లాదేశ్‌కు ఇది సాధ్యమయ్యేది కాదు. అక్కడ ఆరోగ్య కార్యకర్తలు, ఎక్కువగా మహిళలు, ఊళ్లలోకి, ఇళ్లలోకి వెళ్లారు. అందుకే ఫలితం వచ్చింది.

మన దగ్గరా కదలిక వచ్చింది అలాగే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ‘ఆశా’లు వచ్చారు. పోలియోపై పోరులో ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, సంచార జాతుల గుడారాలు, ముస్లిం బస్తీలు అన్నిటినీ పేరుపేరునా రాసుకుని, తప్పిపోయిన ఇంటికి మళ్లీ వెళ్లే పద్ధతి అలవాటైంది. 2009లో 741 పోలియో కేసులున్న దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ మొదటి విడతగా వెనకబడిన 201 జిల్లాలను ఎంచుకుంది. నాలుగో సర్వే (2015-16) నాటికి పూర్తి టీకాలు 62 శాతం, అయిదో దాంట్లో 76.4. బిహార్ మొదటి సర్వేలో 11 శాతం దగ్గర ఉంది, అయిదో సర్వేలో 71 శాతం. ఒడిశా 90 దాటింది. అయిదో సర్వేలో తెలంగాణ 79, ఆంధ్రప్రదేశ్ 73 శాతం దగ్గరున్నాయి. ఒడిశా మనకంటే ధనిక రాష్ట్రమేం కాదు.

ఇంకో అంకె మరువకూడదు. అయిదో సర్వేలో, టీకాలు వేయించుకున్న పిల్లల్లో 94.5 శాతం మందికి ఎక్కువ టీకాలు పడింది ప్రభుత్వ కేంద్రాల్లోనే. ప్రైవేటు వాటా 4.2 శాతం. వైద్యంలో మిగతా అంతటా ప్రైవేటు పెత్తనం నడుస్తున్న దేశంలో పసిబిడ్డకు సూది మాత్రం సర్కారే వేస్తోంది. పీడిత కులాల పిల్లలకు ఈ దేశంలో దాదాపుగా హక్కులా అందిన ఆరోగ్య సేవ ఏదైనా ఉందంటే అది ఇదే. దీన్ని కాపాడుకోవడం మన బాధ్యత.

కులం వారీగా చదివితే

2005-06 సర్వేలో పూర్తి టీకాలు పడ్డ పిల్లలు ఎస్సీల్లో 39.7 శాతం, ఎస్టీల్లో 31.3, ఓబీసీల్లో 40.7, ఇతరుల్లో 53.8. అంటే ఆదివాసీ బిడ్డకూ అగ్రకుల వాటా ఎక్కువగా ఉన్న ‘ఇతరుల’ బిడ్డకూ మధ్య 22 పాయింట్ల తేడా. చదువుకోని తల్లుల పిల్లల్లో 26 శాతానికే పూర్తి టీకాలు పడితే, పన్నెండేళ్లు, ఆపైన చదివిన తల్లుల పిల్లల్లో 75 శాతానికి పడ్డాయి. తల్లి చదువు కూడా కులం పంచిన ఆస్తే కాబట్టి ఈ రెండు తేడాలను వేరువేరుగా చూడలేం.

పదేళ్ల తర్వాత, నాలుగో సర్వేలో, ఎస్సీలు 63.2, ఎస్టీలు 55.8, ఓబీసీలు 61.9, ఇతరులు 64.5. ఎస్సీలకూ ఇతరులకూ మధ్య తేడా దాదాపు పోయింది. ఎస్టీలతో తొమ్మిది పాయింట్లు మిగిలింది. అయిదో సర్వేకి వచ్చేసరికి జాతీయ సగటులో ఈ నాలుగు వర్గాల మధ్య తేడా కొద్ది పాయింట్లకు కుదించుకుపోయింది.

దీన్ని ఎలా చదవాలి? రెండు రకాల తప్పు చదువులు మన చుట్టూ ఉన్నాయి. ఆరోగ్యంలో కులం పాత్ర ముగిసిపోయింది, ఇక వర్గమో ప్రాంతమో చూస్తే చాలు అన్నది మొదటిది. ఏమీ మారలేదు, అంకెలన్నీ అబద్ధం అన్నది రెండోది. ఈ రెండో మాట మన శిబిరంలో కూడా వినిపిస్తుంది. అది పోరాడి సాధించుకున్న దాన్ని మనమే కాదనుకోవడం అవుతుంది. గడపదాకా వచ్చే సేవలో, డబ్బు అడగని సేవలో కులాల మధ్య దూరం తగ్గుతుందని ఈ అంకెలు రుజువు చేశాయి. రిజర్వేషన్ల మీద, ప్రజా వ్యయం మీద మనం చేసే వాదనకు ఇది బలం. వెనకబాటు రక్తంలో ఉండదు. సేవ అందకపోవడంలో ఉంటుంది.

ఇక మొదటి తప్పు చదువు సంగతి. సగటులో తేడా తగ్గడం వేరు, కులం పోవడం వేరు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చేయి నుంచి చేయికి

ఈ దేశంలో టీకా చరిత్ర మొదటి నుంచీ కులంతో ముడిపడే ఉంది. 1802 జూన్‌లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు మొదటిసారి మశూచి టీకా పడింది. ఆ రోజుల్లో టీకా మందును సీసాలో నిల్వ చేయడం కష్టం. ఒక బిడ్డ చేతి మీద పొక్కు లేచాక అందులోని రసం తీసి ఇంకో బిడ్డ చేతికి ఎక్కించేవాళ్లు. ఆ గొలుసు తెగకుండా ఉండాలంటే రసం ఇచ్చే పిల్లలు కావాలి. చాలాచోట్ల పేద, అణగారిన కులాల పిల్లలే ఆ పనికి దొరికారు. మరోపక్క, తక్కువ కులపు బిడ్డ ఒంట్లోంచి తీసిన రసం మా పిల్లల ఒంట్లోకి ఎక్కిస్తారా అని పై కులాలు అభ్యంతరం చెప్పాయి. వలసకాలపు వైద్యంపై డేవిడ్ ఆర్నాల్డ్ 1993లో ప్రచురించిన పరిశోధన ఈ ఘర్షణను వివరంగా చెప్పింది.

అంటే టీకాను తిరస్కరించడం అజ్ఞానుల పని అని ఇవాళ వాడల వైపు వేలు చూపించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ దేశంలో టీకాపై తొలి అభ్యంతరాల్లో ఒకటి అంటరానితనం నుంచే పుట్టింది. మన పిల్లల ఒంటి మీద పెరిగిన మందే ఇతరులను బతికించింది. ఆ చేతులకు మాత్రం దక్కింది అవమానం.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 2006లో వెలువడిన ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ అధ్యయనం పదకొండు రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించింది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడానికి నిరాకరిస్తున్నారని అందులో తేలింది. 2005-06 సర్వేలో ఎస్సీ పిల్లల టీకా శాతం ఎందుకు వెనకబడి ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా వివరణ ఏం కావాలి? 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలతో మాట్లాడి చేసిన అధ్యయనం ఈ వివక్ష రోజువారీ రూపాల్ని నమోదు చేసింది. మందు చేతికివ్వకుండా పైనుంచి వేయడం, ముట్టుకోకుండా చూడటం, బిడ్డ దగ్గర తక్కువ సేపు గడపడం వంటివి. సూది వేయాలంటే ముట్టుకోక తప్పదు. ముట్టుకోవడమే ఇష్టం లేని చోట టీకా ఎలా అందుతుంది?

స్థలం కూడా కులమే. టీకాల రోజున ఏఎన్ఎం ఎక్కడ కూర్చుంటుందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. పంచాయతీ ఆఫీసులోనా, ఊరి నడుమ అంగన్‌వాడీలోనా, వాడలోని బడిలోనా? ఊళ్లోకి వెళ్లాలంటే వెనకాముందు ఆలోచించే తల్లికి, ఆ పూట కూలి పోతే పూట గడవని తల్లికి ఆ అర కిలోమీటరే పెద్ద దూరం. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలో వీలైనంత త్వరగా అంగన్‌వాడీ కేంద్రాలు తెరవాలని ఆదేశించింది ఇందుకే. టీకాలు చాలాచోట్ల అంగన్‌వాడీలోనే పడతాయి కాబట్టి ఆ ఆదేశం తిండికి ఎంతో టీకాకూ అంతే వర్తిస్తుంది.

సగటు కింద ఎవరున్నారు

డీపీటీ మొదటి డోసు కూడా పడని పిల్లల్ని ‘జీరో డోస్’ పిల్లలంటారు. సర్వేల ఆధారంగా 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం 1992లో దేశంలో ఇలాంటి పిల్లలు 33.4 శాతం, 2016 నాటికి 10.1 శాతం. ఇదీ పెద్ద ప్రగతే. కానీ తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు సమాజంలో అట్టడుగున ఉన్న కుటుంబాల్లోనే పోగుపడుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల అంచనాల్లోనూ జీరో డోస్ పిల్లల్ని ఇలాగే లెక్కిస్తారు. ఆ లెక్కన భారతదేశంలో 2019లో సుమారు 14 లక్షల మంది ఉంటే, కోవిడ్ వచ్చిన 2020లో 30 లక్షలయ్యారని అప్పట్లో ప్రకటించారు. డీపీటీ మూడో డోసు 91 శాతం నుంచి 85కు పడింది. ఆ తర్వాత కోలుకుంది. తర్వాతి అంచనాల్లో 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు. శాతంలో చెబితే చిన్నదే. తలలు లెక్కపెడితే 2024లో నైజీరియా తర్వాత ప్రపంచంలో ఎక్కువ జీరో డోస్ పిల్లలున్న దేశం మనదే.

కోవిడ్ కాలపు గండి ఎవరి మీద పడిందో 2022 చివర్లో ముంబై చూపించింది. తట్టు విజృంభించింది గోవండిలో. నగరంలోని చెత్తకుప్పల పక్కన, ముస్లిం, దళిత, వలస కుటుంబాలు కిక్కిరిసి బతికే ప్రాంతం అది. దేశ ఆర్థిక రాజధానిలో, పెద్దపెద్ద ఆసుపత్రులున్న నగరంలో, టీకా ఉన్న జబ్బుతో పసిపిల్లలు చనిపోయారు. ముంబై సగటు చూస్తే గోవండి కనిపించదు.

మన దగ్గర కనిపించనివాళ్లు ఎవరు? ఏటా బలంగీర్ వైపు నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా దళిత, ఆదివాసీ కుటుంబాల పిల్లలు ఒకరు. పుట్టిన ఊరి రిజిస్టర్‌లో పేరుంటుంది, మనిషి ఉండరు. బట్టీ దగ్గర మనిషి ఉంటారు, రిజిస్టర్‌లో పేరుండదు. పాలమూరు నుంచి వలసపోయే కూలీల పిల్లలదీ ఇదే కథ. గర్భిణుల, పిల్లల టీకాల వివరాలు దేశమంతటా ఎక్కడైనా కనపడేలా తెస్తున్న ‘యూ-విన్’ వ్యవస్థ ఈ చిక్కు తీర్చగలదు. అయితే ఫోన్ లేని, గుర్తింపు కార్డు సరిగా లేని తల్లిని అది మళ్లీ బయటే నిలబెట్టకూడదు.

ఇంకో కనిపించని తేడా ‘ఎస్సీ’ అనే ఒకే గడిలో దాగి ఉంది. సర్వే ప్రచురించే పట్టికల్లో మాల, మాదిగ, రెల్లి, ముసహర్, వాల్మీకి అందరూ ఒకే సంఖ్య. చదువులో, భూమిలో, ఉద్యోగంలో వీళ్ల మధ్య ఎంత అంతరం ఉందో దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025లో తెలంగాణ దాన్ని అమల్లోకి తెచ్చింది. ఆ తీర్పుపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆరోగ్యం విషయంలో ఒక్కటి స్పష్టం. ‘ఎస్సీ సగటు ఇతరులతో సమానమైంది’ అన్న వాక్యం ముసహర్ తోలా గురించి గానీ రెల్లివీధి గురించి గానీ మనకేమీ చెప్పదు. ‘ఎస్టీ’ గడి కూడా అంతే. లంబాడా తండాకూ కొండరెడ్డి గూడేనికీ ఒకే శాతం సరిపోదు.

కొత్త టీకా ఎవరికి ముందు

పాత ఎనిమిది డోసుల దగ్గర తేడా తగ్గింది నిజమే. కానీ ఆ కొలతలో లేని టీకాల సంగతేమిటి? అయిదో సర్వేలోనే రోటావైరస్ టీకా మూడు డోసులూ పడ్డ పిల్లలు 36.4 శాతం. రెండేళ్లు దాటిన పిల్లల్లో తట్టు రెండో డోసు పడ్డవాళ్లు 58.6 శాతం. రోటావైరస్ టీకా దేశమంతటికీ విస్తరించింది 2019లోనే కాబట్టి ఆ అంకెలో కొంత కొత్తదనం వల్ల వచ్చిన లోటు ఉంది. అయినా ఇది ఒక పాత క్రమాన్ని గుర్తు చేస్తుంది.

హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. అది మనకందరికీ గర్వకారణం. ప్రభుత్వం 2002లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దేశమంతటా ఉచితంగా అందింది 2011లో. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో డబ్బున్నవాళ్ల పిల్లలకు ప్రైవేటు క్లినిక్‌లో ఆ టీకా పడింది. టీకా తయారైన నగరం చుట్టుపక్కల పల్లెల్లోని కూలీల పిల్లలు మాత్రం ఎదురుచూశారు. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా కథ కూడా అంతే. ప్రైవేటులో డోసు వేల రూపాయలు. సర్కారు కార్యక్రమంలోకి 2017లో కొన్ని రాష్ట్రాల్లో వచ్చింది, దేశమంతటికీ 2021లో విస్తరించింది.

ప్రతి కొత్త టీకాకూ ముందు కొనగలిగినవాళ్ల పిల్లలు, తర్వాత మిగతావాళ్ల పిల్లలు. ఈ మధ్య కాలంలో పోయే ప్రాణాలు ఏ సగటులోనూ కనిపించవు, ఎందుకంటే ఆ టీకా అప్పటికి కొలతలోనే ఉండదు. ఈ క్రమం మార్చలేనిది కూడా కాదు. హైదరాబాద్‌లోనే తయారైన రోటావైరస్ టీకా 2015లో విడుదలైతే, 2016లోనే ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ఉచితంగా మొదలైంది. తలచుకుంటే ఏడాదిలో అయ్యే పని పద్నాలుగేళ్లు ఎందుకు పట్టాలి?

నమ్మకం ఒకవైపు నుంచే రాదు

‘టీకా అంటే భయం’ అనే మాట ఆదివాసీ ప్రాంతాల గురించి తరచూ వింటాం. ఆ భయం వెనక ఏముందో ఉమ్మడి ఖమ్మం జిల్లా చెబుతుంది. 2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఖమ్మంలోని మూడు మండలాల్లో, గుజరాత్‌లోని వడోదరలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశాయి. ఖమ్మంలో సుమారు 14 వేల మంది. వారిలో ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు ఎందరో. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని ప్రభుత్వం నియమించిన కమిటీ చెప్పింది. అసలు తప్పు ఇంకోచోట ఉంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది, ప్రపంచమంతా వాడుతోంది. కానీ అమ్మానాన్నల్ని అడగకుండా, హాస్టల్ పిల్ల కాబట్టి వార్డెన్ సంతకం చాలనుకున్న అధికారం ఒక తరం నమ్మకాన్ని పాడుచేసింది. నగరంలోని కార్పొరేట్ బడిలో ఇలా జరిగేదా? అడగరు కాబట్టే అక్కడికి వెళ్లారు. రేపు అదే గూడెంలో ఏఎన్ఎం తట్టు టీకా పట్టుకుని వెళితే తలుపు తెరుచుకోకపోవచ్చు. తప్పు ఆ తలుపుది అనడం అన్యాయం.

ఆ తలుపు తట్టే మనిషి సంగతి కూడా చెప్పాలి. దేశంలో సుమారు పది లక్షల మంది ఆశాలున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు పురస్కారం ప్రకటించింది. మన ప్రభుత్వాలు మాత్రం వాళ్లను ఉద్యోగులుగా గుర్తించవు, స్వచ్ఛంద కార్యకర్తలంటాయి. ఒక బిడ్డకు ఏడాదిలోపు టీకాలన్నీ వేయించేదాకా వెంటపడినందుకు కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం నూరు రూపాయలు. దేశం గొప్పగా చెప్పుకునే 76 శాతం వీళ్ల కాళ్ల మీద నడిచి వచ్చింది. కనీస వేతనం అడిగితే వీధిలో అరెస్టు చేసి, టీకా విజయాన్ని వేదిక మీద చదివే ప్రభుత్వాలను మనం నిలదీయాలి.

అడగాల్సినవి

మొదటిది, లెక్క. నెలనెలా ఆరోగ్య శాఖ ప్రకటించే టీకా వివరాల్లో కులం, ఉపకులం, ఆవాసం వారీ పట్టికలు ఉండాలి. రాబోయే జనగణనలో కులగణన చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ లెక్కను ఆరోగ్య లెక్కతో కలిపి చదివే ఏర్పాటు ఇప్పుడే చేయాలి. పిల్లల పేర్లు బయటికి రాకుండా సమూహాల లెక్కలు చెప్పడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. రెండోది, స్థలం. టీకాల రోజు వాడలో, తండాలో, గూడెంలో, బట్టీ దగ్గర జరగాలి. ఏ ఆవాసంలో ఎన్నిసార్లు జరిగిందో గోడమీద రాయాలి. మూడోది, కొలత. ‘పూర్తి టీకాలు’ అనే మాటకు ప్రస్తుత జాతీయ పట్టికలోని టీకాలన్నిటినీ కలిపి కొత్త నిర్వచనం ఇవ్వాలి. పాతది పోలిక కోసం పక్కన ఉంచుకోవచ్చు. నాలుగోది, ఆశాలకు ఉద్యోగ హోదా.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన విద్యార్థులకు, పరిశోధకులకు ఒక విన్నపం. కుటుంబ ఆరోగ్య సర్వేల మూల దత్తాంశం పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది. అందులోంచి ప్రశ్నలు వేసేవాళ్లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. జిల్లా వారీగా, కులం వారీగా, తల్లి చదువు వారీగా పట్టికలు వేయండి. ఆ పట్టిక పట్టుకుని మీ ఊరి సబ్ సెంటర్‌కు వెళ్లండి. రిజిస్టర్‌లోని పేర్లనూ వాడలోని పిల్లలనూ సరిచూడండి. సిద్ధాంత గ్రంథం అంత పని అది చేయగలదు.

బాబాసాహెబ్, రమాబాయి దంపతులకు అయిదుగురు బిడ్డలు. యశ్వంత్ ఒక్కడే బతికి పెద్దవాడయ్యాడు. మిగతా నలుగురూ పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926లో చనిపోయాడు. ఆ ఇంటి దుఃఖం ఆ కాలపు ప్రతి వాడలోనూ ఉంది, ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి ఎంతమందో తెలియదు. ఆయన సారథ్యంలో రూపొందిన రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని చెప్పింది. 2024లో 9 లక్షల మంది పిల్లలు డీపీటీ మొదటి డోసు కూడా లేకుండా ఉన్నారని మనకు తెలుసు. వాళ్లు ఎవరి పిల్లలో ఇప్పటికీ రాసిపెట్టడం లేదు. ముందు అది రాయించాలి.